తుండుగుడ్డ కింది అరచేతులు

మొదట్లో నాకున్న పెట్టుబడి ఒక తుండుగుడ్డ, రెండు చేతులు. గుడ్డ మా నాయనది, చేతులు నావి. పుంగనూరు పశువుల సంతలో బేరమంతా ఆ గుడ్డ కిందే నడుస్తుంది. అమ్మేవాడు, కొనేవాడు, లేదా వాళ్ళ తరఫున నాలాంటి దళారి, ఒకరి చేయి ఒకరు పట్టుకుంటారు. పైన గుడ్డ కప్పి ఉంటుంది కాబట్టి చుట్టూ మూగినవాళ్ళకు ఏమీ అంతుబట్టదు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, చేయంతా పట్టుకుంటే ఐదు. పదులా, నూర్లా అన్నది మాత్రం నోటితో అడుగుతారు. అంకె ఎన్నడూ నోట్లోంచి రాకూడదు. ఎవడి నోట వచ్చిందో వాడు బేరం ఓడినట్టే. మా నాయన అయితే ఇంకొకటి కూడా చెప్పేవాడు, నీ అసలు ధర నీ పక్క వేలికి కూడా తెలియకూడదని. ఆ చదువుతోనే ఇంతకాలం బతికాను. ఇప్పుడు కుప్పంలో, ఆసుపత్రి వరండాలో, కాళ్ళు సమంగా లేని ఒక ఇనుప బెంచీ మీద కూర్చున్నాను, నా చేతులు రెండూ ఒళ్ళో గుడ్డ కిందే ఉన్నాయి. కాకపోతే అటువైపు బేరగాడు లేడు, ఎవరైనా వచ్చి ఈ చేతులను పట్టుకుంటారేమోనన్న భయం తప్ప.

గాలి తగిలినా మంటే. మొదట పండుమిరప తొడిమలు తీసిన చేతిలా చురచురలాడింది, అదేమంత పెద్ద విషయం కాదనుకున్నాను. తర్వాత అరచేతులు ఎర్రబారాయి, వాచాయి, మెరుపెక్కాయి, గుప్పిట మూస్తే చర్మం చాలనట్టు బిగిసింది. ఇప్పుడు ఊడిపోతోంది. మదనపల్లె మార్కెట్లో దొరికే మంచి టమాటాను వేడినీళ్ళలో వేసి తీస్తే పైతోలు ఎలా ముడుచుకుని వదులుతుందో అలా, వేళ్ళ కణుపుల దగ్గర నుంచి. వేలిముద్రలు ఎప్పుడు పోయాయో చూసుకోనేలేదు. ఒకరోజు ఫోను నన్ను గుర్తుపట్టలేదు. అరికాళ్ళదీ అదే కథ. ఈ బెంచీ నుంచి డాక్టరమ్మ గది తలుపు దాకా ఎంత దూరమని చూస్తే, సంతలో ఆవును ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించి చూపించినంత అనిపిస్తోంది. ఇదంతా మాత్రల వల్లే. పెద్దపేగులో గడ్డ లేచింది, కోసి తీసేశారు, అది అయిపోయిన సంగతి. "గడ్డ పోయింది గానీ విత్తనం యాడన్నా మిగిలుంటాదేమోనని ఈ మాత్రలు," అంది డాక్టర్ అశ్విని. విత్తనం అంటే నాకు అర్థమయ్యేటట్టే చెప్పింది. కలుపు తీసిన చేనులో విత్తనం ఉండిపోతే ఏమవుతుందో మెట్ట భూమిలో పుట్టినవాడికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. అందుకే పొద్దున, సాయంత్రం, తిన్న వెంటనే, ఒక్క మాత్ర కూడా వదలకుండా మింగాను. అందుకే ఈ చేతులు ఆమెకు చూపించదలుచుకోలేదు. చూస్తే ఆపేస్తుంది, కనీసం తగ్గిస్తుంది. తగ్గిస్తే మిగిలిన విత్తనం మొలకెత్తుతుంది. నా లెక్క ఇంతే, ఇందులో నాకు తప్పేమీ కనిపించడం లేదు.

నా పక్కన ఉన్న మనిషికి మాత్రం కనిపిస్తోంది. ప్రమీలమ్మ, నా భార్య, ఒళ్ళో సంచి పెట్టుకుని, అందులో పెరుగన్నం డబ్బా కారుతోందేమోనని మాటిమాటికీ చూసుకుంటూ, నా వైపు చూడకుండానే అడుగుతుంది.

"ఈసారన్నా సూపిస్తావా?"

"ఏంది సూపించేది?"

"నా మొగం. చేతులప్పా, చేతులు."

"సూద్దాం."

"సూద్దాం సూద్దామని పోయినసారి గోరింటాకు సూపించి వచ్చినావు."

అది నిజమే. గోరింటాకు తెచ్చింది తనే. వేడి చేసిందిలే, చలవ చేస్తుందని రుబ్బి, నా రెండు అరచేతులకూ అరికాళ్ళకూ దట్టంగా పట్టించింది. నేను పెళ్ళికొడుకులా కాళ్ళు చాపుకుని వాకిట్లో కూర్చున్నాను, దారిన పోయేవాళ్ళు ఆగి మరీ నవ్వారు. చలవ చేసింది కూడా, ఒక పూట. కానీ కడిగాక చూసుకుంటే నాకు వేరే లాభం కనిపించింది. ఎరుపు ఎరుపులో కలిసిపోయింది. మంట ఎక్కడ, గోరింటాకు ఎక్కడ, ఎవడూ చెప్పలేడు. పోయినసారి డాక్టరమ్మ చూసి, "ఏం గంగులప్పా, మళ్ళా పెండ్లా?" అని నవ్వి, "నొప్పేమన్నా ఉండాదా, పదికి ఎంత?" అని అడిగితే, రెండు అన్నాను. రాసుకుంది. గజ్జి పట్టిన దూడకు పసుపూ వేపనూనే పూసి "పండక్కి కడిగినామప్పా" అని అమ్మేవాళ్ళు సంతకు ప్రతివారం వస్తారు. వాళ్ళు ఎక్కడ దట్టంగా పూశారో నేను ముందు అక్కడే వేలు పెట్టేవాణ్ణి. తోలు చదవడం నా పని. పక్కటెముకల మీద చర్మాన్ని పట్టి లాగి వదిలితే అది ఎంత తొందరగా వెనక్కి పోతుందో చూసి లోపలి సంగతి చెప్పగలను. వెంట్రుకల సుడి ఎక్కడుందో, దాన్ని దువ్వి ఎటు తిప్పారో చెప్పగలను. అలాంటి నేను పసుపు పూసిన దూడను అమ్మేసి వచ్చినవాడిలా సంతోషపడ్డాను. బస్సు వెంకటగిరికోట చేరేవరకు ఆ సంతోషం ఉంది. అక్కడ ఎవరో ఎక్కుతూ నా చేతి మీద చేయి వేసి ఆసరా పట్టుకున్నారు, అంతే, కళ్ళలో నీళ్ళు తిరిగాయి; తలుపు వైపు తిరిగి దుమ్ము పడిందన్నాను. ప్రమీల సీట్లోంచి లేచి, నన్ను కిటికీ వైపు కూర్చోబెట్టి, తను అడ్డంగా కూర్చుంది.

గోరింటాకు కూడా ఇప్పుడు లేదు. చర్మంతో పాటే పెచ్చులు పెచ్చులుగా పోయింది. అందుకే ఈ గుడ్డ.

ఎదురుగా బెంచీ మీద హనీఫ్ వచ్చి కూర్చున్నాడు. మదనపల్లెలో గాజుల అంగడి అతనిది. ఈ వరండాలోనే పరిచయం, ఈ వరండాలోనే స్నేహం. అతనిదీ పేగు జబ్బే, అయితే మాత్రలు కావు, సూదిమందు. ఆ మందుకు అతని ముఖమంతా, ఛాతీ అంతా మొటిమలు. కనురెప్పల వెంట్రుకలు సన్నగా, పొడుగ్గా, వంపు తిరిగి, సినిమాల్లో హీరోయిన్‌కు అతికించినట్టు పెరిగాయి. మొదటిసారి చూసినప్పుడు కాటుక పెట్టుకున్నాడేమో అనుకున్నాను.

"సలాం గంగులప్పన్నా. సలామమ్మా. చేతులకు చలి పెడతాండాదా?"

"మీ రెప్పలు ఇంకా పెరిగినట్టుండాయే," అంది ప్రమీల.

"మా ఇంటామె ఇష్రత్ కత్తెర పట్టుకొని వెంటబడతాంది, కంట్లో గుచ్చుకుంటాయని. దానికి కుళ్ళమ్మా. గాజులు తొడిగించుకునే ఆడోళ్ళు గాజులు సూడ్డం మానేసి నా రెప్పలు సూస్తాండారు. ఈ మొటిమలు సూడు, అల్లా నాకు పదహారేండ్లు మళ్ళా ఇచ్చినాడు, ఊడిన పండ్లు మాత్రం ఇయ్యడం మర్సిపోయినాడు."

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ నా బుద్ధి వేరే చోట ఉంది. ఇతను చెప్పిన మాట మీదనే కదా నేను ఇన్నాళ్ళూ నిలబడ్డాను. మొటిమలు బాగా వస్తే మందు బాగా పట్టినట్టు లెక్కని డాక్టరమ్మ అతనికి చెప్పిందట. ఆ మాట విన్నరోజే నాకు లెక్క కుదిరిపోయింది. పైతోలు ఎంత చెడితే లోపల అంత బాగు. హనీఫ్ ముఖం ఇచ్చుకుంటున్నాడు, నేను చేతులు ఇచ్చుకుంటున్నాను, ధర ధరే. తోలు మళ్ళీ వస్తుంది, పేగు రాదు. ఎవరైనా ఇలాంటి బేరాన్ని వదులుకుంటారా? ప్రతి పెచ్చు ఊడినప్పుడూ ఒక విత్తనం చచ్చిందనుకున్నాను. ఊడనిరోజు దిగులు పడ్డాను కూడా. హనీఫ్‌ను సూదిగదిలోకి పిలిచారు. పోతూ పోతూ నా భుజం మీద తట్టాడు, చేతిని కాదు. అతనికి తెలిసిపోయిందా? తెలిస్తే ప్రమీలే చెప్పి ఉంటుంది. ఆడవాళ్ళకు, గాజుల వాళ్ళకు మాటలు త్వరగా కలుస్తాయి.

ఎక్కడో రైలు కూత వేసింది. వరండా చివర ఒకావిడ తమిళంలో బిడ్డను కోప్పడుతోంది. ప్రమీల సంచి సర్దుకుంది. ఆమెకు ఈ పట్టుదల నిన్నటి నుంచి వచ్చింది, నాకు తెలుసు. నిన్న పొద్దున ఆవును విప్పి ఎండలో కట్టింది నేనే. మా ఇంట్లో ఉన్నది నడుమెత్తు కూడా రాని పుంగనూరు ఆవు, పిల్లిలా వెనకే తిరుగుతుంది, దాన్ని లాగనక్కర్లేదు, అయినా పలుపు చేతికి చుట్టుకోవడం నాకు అలవాటు. సాయంత్రం దాన్ని లోపలికి తేవడానికి ప్రమీల పోయింది. తిరిగి వచ్చి పలుపును నా ముందు పెట్టింది. తెల్లని నూలు పలుపు, నేను పట్టుకునే చోట అరచేతి వెడల్పున రక్తం ఎండి ఉంది. తర్వాత పలుపును నీళ్ళలో నానబెట్టి, ఉతికి, దండెం మీద ఆరేసింది, బట్టను ఆరేసినట్టు. పుండుపడి చీము పడితే మనిషి నిలుస్తాడా అన్నది ఆమె భయం. మందు ఆపితే మనిషి నిలుస్తాడా అన్నది నా భయం. ఇద్దరం నిలబెట్టాలని చూస్తున్నది ఒకే మనిషిని, అందుకే తెగడం లేదు. ఇద్దరు కొనేవాళ్ళు ఒకే కోడె మీద పడితే మధ్యలో దళారి వచ్చి తెంపాలి. ఇక్కడ దళారి లేడు.

ఆమె పెద్దమండ్యం వైపు పిల్ల. వేరుశనగ పీకీ పీకీ చేతులు నాకన్నా మొరటుగా ఉండేవి పెళ్ళినాటికి. అప్పటికి నాకు గుడ్డ కింద భాష పూర్తిగా రాదు, వేళ్ళు తడబడేవి. ఆరుకూ ఏడుకూ తేడా పట్టుకునేలోపు ఎదుటివాడు నవ్వేవాడు. నాయన సంతలో అందరి ముందూ తిట్టేవాడు. అందుకని ఇంటికి వచ్చి ప్రమీల చేతి మీద నేర్చుకున్నాను. కొట్టం వెనక, పాలు పితికాక, గడ్డివాము నీడలో, గుడ్డ కప్పుకుని. నేను వేళ్ళు పట్టుకోవడం, తను "పదులా, నూర్లా?" అని పెద్ద బేరగాడిలా గొంతు మార్చి అడగడం. మా అమ్మ ఒకసారి గంప ఎత్తుకుని వచ్చి చూసి, "ఏందిరా, ఎప్పుడు సూసినా పెండ్లాం చేయి పట్టుకొని కూసుంటావు?" అంటే, "బేరం నేర్చుకుంటాండాను మా" అన్నాను. "ఆ బేరం మీ నాయన నాకూ నేర్పినాడు లేరా" అని గంప దించకుండానే వెళ్ళిపోయింది. ప్రమీల సిగ్గుతో గుడ్డ ముఖానికి కప్పుకుంది. నాకన్నా ముందు తనకే వచ్చింది ఆ భాష. తర్వాత నా వేళ్ళు ఆరితేరాయి, సంతలు పెరిగాయి, పిల్లలు పుట్టారు. కలకడ నుంచి కుప్పం దాకా ఎవరి చేయి చల్లగా ఉంటుందో, ఎవరి చేయి అబద్ధం చెప్పేటప్పుడు చెమర్చుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఎందరి చేతులో పట్టుకున్నాను. ఇంట్లో చేతికి చెంబు అందించే చేయిని మాత్రం ఎప్పుడు పట్టుకున్నానో చెప్పమంటే ఆలోచించాలి. గోరింటాకు పెట్టినరోజు తనే పట్టుకుంది. అంతకు ముందు?

గుడ్డ కదిలింది. ఉలిక్కిపడి చేయి వెనక్కి లాక్కోబోయాను. ప్రమీల నా వైపు చూడడం లేదు, తలుపు మీద ఉన్న డాక్టరు పేరు చదువుతున్నట్టు చూస్తోంది. ఆమె చేయి గుడ్డ కిందికి వచ్చి ఆగింది, అరచేతి వైపు రాలేదు. చేతివెనక వైపు, గోళ్ళ పైన, మంట లేని చోటు ఎక్కడుందో ఎలా తెలుసుకుందో తెలుసుకుంది. పట్టుకోలేదు, వేలికొసతో ఒక్కొక్క వేలి మీదా ఆనించింది. చిటికెన వేలు. దాని పక్కది. నడిమిది. చూపుడు వేలు. బొటనవేలి మీద ఆగి, మొత్తం ఐదింటి మీదా చేయి వాల్చింది, ఈగ వాలినంత బరువుతో. ఐదు. ఆపరేషన్ అయినరోజు డాక్టరమ్మ చెప్పిన ఐదు. ఐదేళ్ళు మళ్ళీ రాకుండా గడిస్తే భయం చాలావరకు పోయినట్టేనని చెప్పిన ఐదు. నా నోరు నన్ను అడగకుండానే అలవాటు ప్రకారం అడిగేసింది.

"ఒకట్లా, పదులా?"

"పదులు," అంది, తలుపు మీద నుంచి చూపు తిప్పకుండా.

"యాబయ్యా? నాకిప్పుడే అరవై దాటె. ఇంకో యాబై ఏండ్లు బతికి ఏం పీకేది మే?"

అప్పుడు తిరిగింది నా వైపు. ముఖమంతా నవ్వు.

"యోవ్, అంకె నోటితో సెప్పినావు. బేరం ఓడిపోయినావు."

"అది బేరమా? యాబై అడగొచ్చునా ఎవురన్నా?"

"యాబై అడిగితే గదా నువ్వు ఐదు దాకన్నా దిగొస్తావు. నీ కాడ నేర్సుకున్నదే."

ఇంత పెద్ద ధర నా జీవితంలో ఎవరూ నాకు కట్టలేదు. బెంచీ కాళ్ళు సమంగా లేవు కాబట్టి ఆమె నవ్వితే నేనూ కదిలాను. గుడ్డ కింద ఆమె చేయి అలాగే ఉంది, నా చేయి అలాగే ఉంచాను. నేను నా లెక్కలో తప్పు వెతకడం మొదలుపెట్టింది అప్పుడే. హనీఫ్ మందు వేరు కదా. ఒక ఆవుకు పలికిన ధర చూసి పక్క ఊరి గేదెకు ధర కట్టేవాణ్ణి నేను సంతలో అడుగు కూడా పెట్టనివ్వను. మరి ఆ పనే చేశానా? పైగా డాక్టరమ్మను కొనేదాన్ని చేసి కూర్చోబెట్టి, నేను అమ్మేవాణ్ణి అయి, తోలు దాచి, అమ్మిందేమిటి? ఆమె కొన్నదేమిటి? పసుపు పూసిన ఆ గజ్జి దూడను ఇంటికి తోలుకొచ్చుకున్నది నేనే.

"గంగులప్ప ఎవురు? గంగులప్ప, లోపలికి రావల్ల!" అని నర్సమ్మ కేకేసింది.

లేచాను. అరికాళ్ళు నేలకు ఆనగానే ఒళ్ళు జలదరించింది. ప్రమీల నా మోచేయి పట్టుకుంది. గదిలో డాక్టరమ్మ ఫైలు తిప్పుతూనే, "ఏం పెద్దాయనా, గుడ్డ కప్పుకొని వచ్చినారు? ఈసారి గోరింటాకు లేదా?" అంది. సంతలో గుడ్డ తీసేది బేరం తెగాకే. తెగిపోయింది కాబట్టి తీశాను. ఆమె నవ్వు ఆగిపోయింది. కుర్చీ ముందుకు జరుపుకుని, నా మణికట్ల కింద తన చేతులు పెట్టి, నా అరచేతులను వెలుతురు వైపు తిప్పి చూసింది. చాలాసేపు.

"పదికి ఎంత, నొప్పి?"

నా వేళ్ళు వాటంతట అవే కదిలాయి, చూపించడానికి. ఆమె తల అడ్డంగా ఊపింది. "నోటితో చెప్పండి."

"ఎనిమిది," అన్నాను.

నా వెనక ప్రమీల సంచిని నేల మీద పెట్టింది.

"పోయినసారి రెండు అని రాసుకున్నానే!"

"పోయినసారి సంత రేటు సెప్పినానమ్మా. ఇది అసలు."

కోప్పడుతుందనుకున్నాను. కోప్పడింది, కానీ తక్కువ. చెప్పుకోకుండా మింగుతూ పోతే చర్మం పగిలి చీము పట్టి మంచాన పడేవాళ్ళు, అప్పుడు మాత్రలు మొత్తానికే మానాల్సి వచ్చేది అంది. ఈ రోజు నుంచే ఆపేయాలి, చేతులు కుదుటపడేదాకా. తర్వాత మళ్ళీ మొదలు, కొంచెం తగ్గించి.

"తగ్గిస్తే విత్తనం మొలకెత్తదా అమ్మా? కావాలంటే ఆపేది వద్దు, తగ్గించి ఇప్పుడే..."

"గంగులప్పా, ఇది బేరం కాదు."

"తోలు ఎంత ఊడితే మందు అంత పట్టినట్టు గదా?"

"ఎవరు చెప్పినారు?" అని, వరండా వైపు చూసి తనే అర్థం చేసుకుంది. "హనీఫ్ భాయ్ మందు వేరు, ఆయన లెక్క వేరు. మీ చేతులు ఊడేకొద్దీ మీకు పుణ్యమేమీ రాదు. చేతులకు ఇట్లయితే ఆపి, తగ్గించి ఇవ్వడం మేము రోజూ చేసేదే. తగ్గించినంత మాత్రాన మందు పని ఆగిపోదు." పూతమందు రాసింది. చన్నీళ్ళు, మెత్తటి నూలు తొడుగులు, వేడి పాత్ర పట్టుకోకూడదు, పలుపు పట్టుకోకూడదు. పలుపు మాట ఆమెకెలా తెలుసని ప్రమీల వైపు చూస్తే, ప్రమీల గోడ వైపు చూస్తోంది; పొద్దున ఫైలు ఇచ్చేటప్పుడే నర్సమ్మ చెవిన వేసినట్టుంది.

బయటికి వచ్చాం. మందుల అంగడి ముందు వరుసలో నిలబడ్డాక ప్రమీల మొదలుపెట్టింది.

"ఎనిమిదా?"

నేను వరుసలో ఒక అడుగు ముందుకు జరిగాను.

"ఐదో ఆరో అనుకుంటి. పొద్దున బస్సులో నన్ను కూసోబెట్టి నువ్వు కమ్మీ పట్టుకొని నిలబడినావే, పలమనేరు దాకా? అప్పుడూ ఎనిమిదేనా?"

"అప్పుడు తొమ్మిది."

కొట్టడానికి చేయి ఎత్తింది. ఎక్కడ కొట్టాలో తెలియక, నా చేతులను చూసి, కాళ్ళను చూసి, ఆ చేయిని అలాగే గాలిలో ఉంచి, చివరికి నా చొక్కా కాలరు సర్దింది. కొంగుతో ముఖం తుడుచుకుని, "సచ్చినోడా," అంది, వరుసలో ఉన్నవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా.

లెక్క చూసుకుంటే పోయినవి చాలానే ఉన్నాయి. రెండు అరచేతుల తోలు, వేలిముద్రలు, కొన్నాళ్ళ సంతలు. మందు పూర్తిగా మింగితే గెలుస్తానన్న నమ్మకం కూడా కొంత పోయింది. ఐదుకు చేరతానో లేదో డాక్టరమ్మ కూడా చెప్పలేదు. వచ్చినది ఒక్కటే. ఇంతకాలం సంతల్లో తిరిగాను, నా అసలు ధర తెలిసిన మనిషి ఒక్కరూ లేరు, మా నాయనతో సహా. ఇప్పుడు ఒకరున్నారు. మందుల పొట్లం, పెరుగన్నం సంచి, నా ఫైలు అన్నీ తనే పట్టుకుని, నా నడక ఎంతో కనుక్కుని, అంతకు మించకుండా పక్కనే నడుస్తోంది.